బొమ్మ మూలన సంతకం చాలదు

కర్ణపర్వంలో ఒక చిత్రమైన ఘట్టం ఉంది. గాండీవాన్ని ఇంకొకరికి ఇచ్చెయ్యమన్నవాడి తల తీస్తానని అర్జునుడికి ఎప్పటిదో ఒక ప్రతిజ్ఞ. తీరా ఆ మాట అన్నది సాక్షాత్తూ ధర్మరాజు. అన్నను చంపలేడు, మాట తప్పలేడు. పెద్దవాళ్లను నోటికొచ్చినట్టు తిడితే చంపినట్టే లెక్క, తిట్టెయ్యమంటాడు కృష్ణుడు. తిట్టేశాక సిగ్గుతో అర్జునుడు తన తల తానే నరుక్కోబోతాడు. అప్పుడు కృష్ణుడు రెండో ఉపాయం చెబుతాడు: నీ గొప్పలు నువ్వే చెప్పుకో, చచ్చినట్టే లెక్క.

ఈ కథ చదవనివాళ్లకు కూడా దాని సారం ఒంట్లో ఇంకి ఉంటుంది. బడిలో బొమ్మల పోటీలో ఫస్టొచ్చిన పిల్లకి ఇంట్లో మొదట చెప్పే బుద్ధి ‘ఊరంతా చెప్పుకుని తిరక్కు’ అని. ఆ పిల్లే మాసబ్ ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలోనో, ఆంధ్రా యూనివర్సిటీలోనో డిగ్రీ పూర్తిచేసి బయటికి రాగానే అందరూ ఒకటే పాట: నిన్ను నువ్వు ప్రమోట్ చేసుకో, బ్రాండ్ పెంచుకో, రోజూ పోస్ట్ పెట్టు. ఇరవై ఏళ్లు అణకువ నేర్పిన లోకం ఒక్కసారిగా డప్పు కొట్టుకోమంటే చేతులు ఆడవు. దాంతో బొమ్మలు ల్యాప్‌టాప్‌లో ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’ అనే ఫోల్డర్లలో పడి ఉంటాయి. ఇంటికొచ్చిన చుట్టాలు ‘ఏం చేస్తున్నావమ్మా?’ అంటారు. ‘బొమ్మలేస్తున్నానండీ.’ ‘అది సరే, ఉద్యోగం?’

పత్రికే డప్పు కొట్టిన రోజులు

మన పాత చిత్రకారులు ఇవేమీ పడలేదు కదా, పని చేసుకుంటూ పోతే పేరు అదే వచ్చింది కదా అనేవాళ్లున్నారు. ఆ మాట సగమే నిజం. పేరు దానంతటది రాలేదు, పత్రిక తెచ్చిపెట్టింది. శంకర్‌గా మనకు తెలిసిన కె.సి. శివశంకరన్ 1952లో చందమామలో చేరి అరవై ఏళ్లు అక్కడే గీశారు. విక్రమార్కుడి భుజం మీద శవం, చేతిలో కత్తి: ఆ బొమ్మను నెలనెలా ఇంటింటికీ మోసుకెళ్లింది చందమామ. వడ్డాది పాపయ్య ‘వపా’ అన్న రెండక్షరాలు పెడితే చాలు, చందమామ, యువ అట్టలు మిగతా పని చూసుకునేవి. మేడిశెట్టి శంకరరావు గారికి ‘బాలి’ అని పేరు పెట్టింది సంపాదకుడు పురాణం సుబ్రహ్మణ్యశర్మ. ఇవాళ కుర్రవాళ్లు తలలు పట్టుకునే బ్రాండ్ నేమ్ సమస్యను ఎడిటరే తీర్చేసిన రోజులవి.

వారపత్రికలో ఒక కథకు ఒక బొమ్మ. వారానికి నాలుగైదు కథలు, ఒకటి రెండు సీరియళ్లు. కథ నచ్చని పాఠకుడు కూడా బొమ్మ దగ్గర ఒక్క క్షణం ఆగేవాడు. మూలన సంతకం చూసేవాడు. పది వారాలకు ఆ చెయ్యి గుర్తుపట్టేవాడు. ఇంకో పత్రిక ఎడిటరూ అలాగే గుర్తుపట్టి కబురు పెట్టేవాడు. చిత్రకారుడికి జీతం ఎంతన్నది పక్కన పెడితే, ప్రచారం మాత్రం ఉచితం.

ఆ ఏర్పాటు కూలిపోయింది. వారపత్రికలు ఒక్కొక్కటే మూతపడ్డాయి, కరోనా దెబ్బకు విపుల, చతుర లాంటి కథల పత్రికలూ ఆగిపోయాయి. మిగిలిన చోట్ల కథకు బొమ్మ ఉంటే ఉంది, లేకపోతే ఏదో ఫొటో. గీయడం మునుపటిలాగే చిత్రకారుడి పని. ఎడిటరూ పత్రికా కలిసి చేసిన రెండో పని కూడా ఇప్పుడు అతని నెత్తిన పడింది.

అయినా పాతవాళ్లు ఊరికే కూర్చున్నారా అంటే అదీ కాదు. బాపు సంగతే చూడండి. మద్రాసులో లా చదివారు, ఆంధ్రపత్రికలో కార్టూన్లు వేశారు, ప్రకటనల ఏజెన్సీల్లో పనిచేశారు, తర్వాత సినిమాలు తీశారు. ముళ్లపూడి వెంకటరమణ రాసిన బుడుగుకు ముఖం ఇచ్చారు. వీటన్నిటిలోనూ కనిపించే వస్తువు ఒకటుంది, ఆయన చేతిరాత. పుస్తకం అట్ట మీద, సినిమా టైటిల్లో, కార్టూన్ కింద మాటల్లో అదే రాత. సంతకం కోసం వెతకక్కర్లేదు, పుస్తకం పేరు రాసిన తీరే సంతకం. ఆ రాత తర్వాత కంప్యూటర్ ఫాంట్ అయింది. ఇవాళ బాపు సినిమా ఒక్కటీ చూడని వాళ్ల పెళ్లి శుభలేఖ మీద కూడా ఆ అక్షరాలే. ఏ మార్కెటింగ్ పుస్తకం చదివి చేశారో అడక్కండి. ప్రతి పనిలో తనదైన ముద్ర ఒకటి, ఎవరు గీయించినా మారనిది, వదిలిపెట్టారు. అంతే.

లైకులు హీరోవి

ఇప్పటి కుర్రవాళ్లు మొదట వెళ్లే చోటు ఇన్‌స్టాగ్రామ్. వెళ్లాల్సిందే. అక్కడ మనవాళ్లు చేసే మొదటి పని ఏమిటంటే, ప్రభాస్ పుట్టినరోజుకు ప్రభాస్ బొమ్మ, మహేశ్ పుట్టినరోజుకు మహేశ్ బొమ్మ. అభిమాన సంఘాలు షేర్ చేస్తాయి, ఒక్క రాత్రిలో వేలల్లో లైకులు. పని మాత్రం రాదు. వస్తే గిస్తే ‘మా బావ పెళ్లికి పెన్సిల్ స్కెచ్ వేసిస్తారా, ఎంత?’ అని ఒక మెసేజ్. ఆ లైకులు హీరోవి, గీసినవాడివి కావు. ఫొటో చూసి పోలిక దించడం కష్టమైన విద్యే, కాదనను. కానీ పుస్తకం వేసేవాళ్లకు, ప్రకటన చేయించేవాళ్లకు కావలసింది ఫొటోలో లేనిదాన్ని ఊహించి గీసే చెయ్యి. వాళ్ల కంటికి ఆ పేజీ ఏమీ చెప్పదు.

శైలి విషయంలోనూ ఇలాంటి భ్రమే ఉంది. ‘నా స్టైల్ ఇంకా దొరకలేదు’ అని రెండేళ్లు ఏమీ బయటపెట్టనివాళ్లు బోలెడుమంది. 2025 మార్చిలో ఏం జరిగిందో గుర్తుందా? మన వాట్సాప్ గ్రూపుల్లో మేనమామలూ పిన్నులూ అందరూ ఒకే వారంలో స్టూడియో జిబ్లీ యానిమేషన్ బొమ్మలైపోయారు. జపాన్‌లో దశాబ్దాలు చేత్తో గీసి తెచ్చుకున్న ఆ రూపాన్ని ఏఐ యంత్రం నిమిషంలో పంచిపెట్టింది. పైపై రంగులూ గీతల వంపులే గుర్తింపు అనుకుంటే ఇక దాన్ని కాపాడుకునే దారి లేదు. కాబట్టి గుర్తింపును ఇంకొంచెం లోతున పెట్టుకోవాలి: ఏం గీస్తారు, ఎవరికీ పట్టని దేన్ని మీరు పట్టుకుని కూర్చున్నారు, దాని గురించి మీకేం తెలుసు.

ముంబయి చిత్రకారుడు సమీర్ కులవూర్ మొదట్లో మన పాత సైకిళ్ల మీద ఒక చిన్న పుస్తకం సొంతంగా వేసుకున్నారు, ‘ఘోడా సైకిల్ ప్రాజెక్ట్’ అని. పాలవాడి సైకిలు, గ్యాసు బండల సైకిలు, దేనికి దానికి తగిలించుకున్న హంగులు. తర్వాత నగరమంతా కప్పుకునే నీలం టార్పాలిన్ల మీద ఇంకోటి. ఎవరూ అడగలేదు, ఎవరూ డబ్బివ్వలేదు. వీధిని అంత శ్రద్ధగా చూసే మనిషి ఇతడని ఆ పుస్తకాలే చెప్పాయి. మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్ గోండు చిత్రకారులది ఇంకా పాత పద్ధతి. జింకనూ చెట్టునూ అందరూ గీస్తారు. లోపల నింపే చుక్కలు, గీతలు, గింజల వరస మాత్రం ఒక్కొక్కరిది ఒక్కోటి. ఒకరి నింపుడు ఇంకొకరు వాడరు. ఆ ఊరి భజ్జు శ్యామ్ లండన్‌లో ఒక రెస్టారెంట్ గోడలకు బొమ్మలు వేయడానికి వెళ్లి, తిరిగొచ్చి ఆ నగరాన్ని తన అడవి కళ్లతో గీశారు. 2004లో చెన్నై తారా బుక్స్ దాన్ని ‘ది లండన్ జంగిల్ బుక్’గా తెచ్చింది. అందులో బిగ్‌బెన్ గడియారం కోడిపుంజు అయింది. లండన్ బొమ్మలు వేసినవాళ్లు వేలమంది ఉంటారు, కోడిపుంజును చూసింది ఒక్కడే.

మన దగ్గర ఇలా పట్టుకోని సరుకు ఎంత ఉందో. ఆర్టీసీ బస్టాండు ప్లాట్‌ఫారాల మీద రాత్రి పన్నెండు గంటల మనుషులు. గోదావరి లంక గ్రామాల పడవ రేవులు. ఇరానీ హోటల్ కౌంటరు వెనక గాజు సీసాలు. బతుకమ్మ పేర్చే తాంబాళంలో ఏ పువ్వు పక్కన ఏ పువ్వు వస్తుందో తెలిసిన చేతులు. వీటిలో ఒకదాన్ని తీసుకుని ముప్ఫై బొమ్మలు వేసిన అమ్మాయి సిద్దిపేటలో ఉన్నా తెనాలిలో ఉన్నా, ఆ విషయం మీద బొమ్మ కావాల్సివచ్చిన ఎడిటర్‌కు ఆమే గుర్తొస్తుంది. ఏటా అక్టోబరులో ఇంక్‌టోబర్ పేరుతో రోజుకో సిరా బొమ్మ వేసే ఆనవాయితీ 2009 నుంచి ఉంది. అక్కడిచ్చే పదాల జాబితాను పక్కన పెట్టి ముప్ఫై ఒక్క రోజులూ మీ ఊరి సంతనే గీయండి, ఎవరొద్దన్నారు?

పన్నెండు బొమ్మలు

ఇక పోర్ట్‌ఫోలియో. చేసిన పనంతా కుప్పపోయడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. కాలేజీ స్టిల్ లైఫ్, వినాయకుడు, లోగో, హీరో, రంగోలి అన్నీ ఒకే చోట. చూసేవాడికి ఈ మనిషికి ఏ పని ఇవ్వాలో తేలదు. పన్నెండు నుంచి పదిహేను బొమ్మలు చాలు, అవి కూడా మీరు మళ్లీ చేయాలనుకునే రకం పనివే అయ్యుండాలి. పిల్లల పుస్తకాలు కావాలంటే పిల్లల పుస్తకంలా ఉన్న బొమ్మలు పెట్టాలి. అలాంటి అవకాశం ఇంకా రాలేదంటే, తెలిసిన జానపద కథ ఒకటి తీసుకుని నాలుగు పేజీలు మీరే వేసి చూపించాలి.

ఆ నాలుగు పేజీల్లో పిల్లల పుస్తకాల సంపాదకులు ఏం వెతుకుతారంటే, ముందుగా, కథలోని పిల్ల మొదటి పేజీలోనూ నాలుగో పేజీలోనూ ఒకే పిల్లలా ఉందా అని. ఎదురుగా ఉన్నప్పటి ముక్కు పక్కకు తిరిగినప్పుడు మారిపోతే దొరికిపోయినట్టే. జడ ఎటువైపు, గౌను మీద పూలు ఎన్ని, ఇంటి తలుపు లోపలికి తెరుచుకుంటుందా బయటికా, ఇవన్నీ పట్టి చూస్తారు. చేతులు చూస్తారు. చేతులు గీయలేనివాళ్లు జేబుల్లోనూ వెనకాలా దాస్తారు, అది కనిపెట్టడానికి ఒక్క చూపు చాలు. ఆ తర్వాత అక్షరాలకు చోటు. తెలుగు వాక్యానికి పైన గుడులూ కింద వత్తులూ ఉంటాయి, లైనుకూ లైనుకూ మధ్య ఎడం ఎక్కువ కావాలి. ఇంగ్లీషు పుస్తకాలు చూసి నేర్చుకున్నవాళ్లు వదిలిన ఆకాశం మన పేరాకు సరిపోదు, డీటీపీ ఆపరేటర్ అక్షరాలను తెచ్చి చెట్టు మీద ఎక్కిస్తాడు. నమూనా పేజీలో ఒక తెలుగు పేరా నిజంగా అమర్చి చూపించిన చిత్రకారుడికి పుస్తకం ఎలా తయారవుతుందో తెలుసని సంపాదకుడికి అప్పుడే అర్థమైపోతుంది. రెండు పేజీలు కలిసే మడతలో ముఖం పడకుండా చూసుకున్నా, అంచు కోతకు మూడు మిల్లీమీటర్లు అదనంగా వేసి ఇచ్చినా అంతే.

పేరు సంగతి ఒక మాట. సాయి పేరుతో ఎంతమంది చిత్రకారులు ఉంటారో లెక్కేదీ? ‘సాయి ఆర్ట్స్ 98’ అని పెట్టుకుంటే ఒకసారి చూసినవాడు మళ్లీ వెతికి పట్టుకోలేడు. ఇంటిపేరో ఊరిపేరో కలిపి, పలకడానికి సుఖంగా ఉండేది ఒక్కటి తేల్చుకుని, ఇన్‌స్టాగ్రామ్‌లో, ఈమెయిల్లో, బిల్లులో, బొమ్మ మూలన అదే ఉంచాలి. సొంత వెబ్‌సైటుకు డబ్బు లేకపోతే, చిత్రకారులు తమ పని పెట్టుకునే బిహాన్స్ సైటులో ఒక పేజీ చాలు. ఏ ఊరు, ఏ పని చేస్తారు, ఎలా అందుకోవాలి అన్న మూడు వివరాలూ వెతక్కుండా కనపడాలి.

ఉత్తరం రాయడం

ప్రమోషన్ అనగానే లోకానికంతటికీ వినపడేలా అరవడమని భయపడతారు. చిత్రకారుడికి కావలసింది లోకం కాదు. పని ఇవ్వగలిగినవాళ్లు తెలుగులో, దేశంలో కలిపి మొదట ఒక ముప్ఫై మంది: పిల్లల పుస్తకాల ప్రచురణకర్తలు, ఆదివారం అనుబంధాల డెస్కులు, డిజైన్ స్టూడియోలు, స్వచ్ఛంద సంస్థలు. సికింద్రాబాద్ మంచి పుస్తకం వాళ్లు ఏం వేస్తారు, చెన్నై తూలిక ఏం వేస్తుంది, బెంగళూరు ప్రథమ్ బుక్స్ ఏం వేస్తుంది అన్నది వాళ్ల పుస్తకాలు కొనో, లైబ్రరీలోనో చూసి తెలుసుకోవాలి. ఆ తర్వాత రాయాలి.

ఎడిటర్ల మెయిల్ పెట్టెలో నిత్యం పడే రకం ఇది: ‘డియర్ సర్/మేడమ్, ఐయామ్ ఎ ప్యాషనేట్ ఆర్టిస్ట్, ప్లీజ్ గివ్ మీ వన్ ఛాన్స్.’ కింద ఒక గూగుల్ డ్రైవ్ లింకు. నొక్కితే అనుమతి అడగమంటుంది. అనుమతి అడిగి ఎదురుచూసేంత తీరిక ఏ డెస్కులోనూ ఉండదు. దానికి బదులు ఇలా రాయొచ్చు:

‘నమస్కారమండీ. మీ అనుబంధంలో వచ్చే పల్లె కథనాలు వదలకుండా చదువుతాను. నేను లంక గ్రామాల రేవులు, పడవలు, అక్కడి మనుషుల మీద ఒక వరస బొమ్మలు వేస్తున్నాను. మూడు కింద జతచేశాను, మిగతావి ఈ లింకులో ఉన్నాయి. కథలకూ కథనాలకూ బొమ్మ కావాల్సివచ్చినప్పుడు నన్ను గుర్తుంచుకోగలరు. రెండు రోజుల్లో ఇవ్వగలను.’

ఇందులో గొప్పలు ఎక్కడున్నాయి? అర్జునుడికి కూడా అభ్యంతరం ఉండదు. చిరునామా చెప్పడమే ఇది. జవాబు రాకపోతే మూడు నెలలాగి కొత్త బొమ్మతో ఇంకోటి పంపొచ్చు, అదేమీ బతిమాలడం కాదు. ఎడిటర్ మరిచిపోవడం పగతో కాదు, పని ఒత్తిడిలో. కాదన్న జవాబే వచ్చినా అది చివరి మాట కాదు. కార్టూనిస్టు ఆర్.కె. లక్ష్మణ్‌కు జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్ సీటివ్వలేదు, ఆయన గీతలో తగినంత ప్రతిభ లేదని కూడా తేల్చింది. ఆయన మైసూరులోనే ఉండి అన్న ఆర్.కె. నారాయణ్ కథలకు బొమ్మలు వేస్తూ పోయారు.

వేళ కూడా చూసుకోవాలి. ఉగాది ముఖచిత్రం ఎవరు వేయాలో తేలేది ఉగాది ముందు వారం కాదు. సంక్రాంతి హడావుడి అయిపోగానే పంపిన పండగ నమూనాకు ఉన్న విలువ ఫాల్గుణంలో పంపినదానికి ఉండదు.

మనుషుల్ని కలవడం ఇంకా మేలు. హైదరాబాద్, విజయవాడ పుస్తక ప్రదర్శనల్లో ప్రచురణకర్తలు స్టాళ్లలోనే కూర్చుని ఉంటారు. రద్దీ ఆదివారం సాయంత్రం కాకుండా పనిరోజు మధ్యాహ్నం పోతే మాట్లాడతారు. చేతిలో ఫోను పెట్టి స్క్రోల్ చేసి చూపించేకన్నా పోస్టుకార్డు సైజులో అచ్చువేసిన ఒక బొమ్మ, వెనక పేరూ ఫోనూ, ఇచ్చి రావడం తెలివైన పని. ఇటలీలో ఏటా జరిగే బొలోన్యా పిల్లల పుస్తకాల ప్రదర్శనలో కొత్త చిత్రకారుల కోసం ఒక గోడే వదిలేస్తారు. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చినవాళ్లు అక్కడ తమ బొమ్మలూ కార్డులూ అంటించి పోతారు. మొదటిరోజు మధ్యాహ్నానికే తెల్లగోడ కనపడదు. అక్కడి చిత్రకారుల ప్రదర్శనకు ఐదు బొమ్మలు పంపి పోటీపడొచ్చు, అందుకు ఇటలీ వెళ్లక్కర్లేదు. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన పిల్లల కథల వెబ్‌సైటు స్టోరీవీవర్‌లోనూ బొమ్మలు పెట్టొచ్చు. కానీ అది ఓపెన్ లైసెన్సు, మీ పేరు వేసి ఎవరైనా వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. తెలిసి పెట్టడం వేరు, తర్వాత తెలుసుకుని లబోదిబోమనడం వేరు.

‘మీకే పబ్లిసిటీ’ అన్నప్పుడు

కొత్తవాళ్లకు ఎదురయ్యే మొదటి బేరం ఇది. బడ్జెట్ లేదు, కానీ మీ పేరు వేస్తాం, మీకే పబ్లిసిటీ. పోస్టరు అచ్చువేసిన ప్రెస్సు వాడికీ, ఫ్లెక్సీ కట్టిన కుర్రాడికీ డబ్బులిచ్చి చిత్రకారుడికి మాత్రం పబ్లిసిటీ ఇస్తారు. స్నేహితుడి షార్ట్ ఫిల్మ్‌కో, ఊరి గ్రంథాలయానికో ఊరికే వేసివ్వాలనిపిస్తే వేయండి, అది మీ ఇష్టం. వ్యాపారం చేసుకునేవాడికి మాత్రం కొటేషన్ పంపండి. అందులో ఎన్ని బొమ్మలు, ఏ సైజు, ఎన్నిసార్లు మార్పులు చేసిస్తారు, అడ్వాన్సు ఎంత అన్నవి ఉండాలి. మూడో మార్పు నుంచి అదనం అని ముందే రాస్తే మూడో మార్పు సాధారణంగా రాదు.

హక్కుల మాట కూడా అందులోనే రాయాలి, ఎందుకంటే చట్టం మీరనుకున్నట్టు ఉండదు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం గీసినవాడే మామూలుగా హక్కుదారు. కానీ 17వ సెక్షన్‌లో మినహాయింపులున్నాయి. ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి యజమానికి హక్కులుంటాయి. ఎవరైనా డబ్బిచ్చి ప్రత్యేకంగా వేయించుకున్న పెయింటింగ్, పోర్ట్రెయిట్ లాంటివాటికి, వేరే ఒప్పందం లేకపోతే, వేయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారులు. ‘వేరే ఒప్పందం లేకపోతే’ అన్న ఆ ముక్కలోనే అంతా ఉంది. ఒక్క మెయిల్లో ‘ఈ బొమ్మ ఫలానా పుస్తకం తెలుగు ముద్రణకు మాత్రమే’ అని రాసి, అవతలివాళ్ల చేత సరేననిపించుకుంటే మీ వాదనకు ఒక ఆధారం ఉంటుంది. హక్కులు బదిలీ చేయాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలని 19వ సెక్షన్. గడువు రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని లెక్క.

హక్కులు అమ్మేసినా మీ దగ్గరే ఉండేది ఇంకోటి ఉంది. 57వ సెక్షన్ కింద, ఈ పని నాదని చెప్పుకునే హక్కు, దాన్ని వికృతం చేసి మీ పరువు తీస్తే అడ్డుకునే హక్కు. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడకు చేసిన కంచు శిల్పాన్ని 1979లో ప్రభుత్వం ఊడదీసి గోదాములో పడేసింది. ఆయన కోర్టుకెళ్లారు. 2005లో ఢిల్లీ హైకోర్టు ఆ మిగిలిన ముక్కలు ఆయనకు తిరిగివ్వమని, ఐదు లక్షల పరిహారం కట్టమని తీర్పిచ్చింది.

అంత దూరం వెళ్లాల్సిన అవసరం ఎవరికీ రాకూడదు. మన ప్రచురణ రంగంలో రోజూ పోయేది ఇంకా చిన్నది. పుస్తకం అట్ట చూసి ముచ్చటపడి ఎవరు వేశారా అని తిప్పితే పేరు ఎక్కడా ఉండదు. ఉంటే లోపల, ముద్రాపకుల పేరు కింద, భూతద్దం పెట్టి చూడాల్సిన సైజులో. కాబట్టి కొటేషన్ చివర ఇంకో లైను చేర్చండి: లోపలి పేజీలో ‘ముఖచిత్రం’ అని చిత్రకారుల పేరు వేయాలి, పిల్లల బొమ్మల పుస్తకమైతే అట్ట మీదే, రచయిత పేరు పక్కన. చాలామంది ప్రచురణకర్తలు కాదనరు. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు కాబట్టి వేయలేదు.